జానెడు సందులో సైలెన్సర్ మార్చాలంటే

క్యాబ్ తోలేవాళ్లకు కారు కింద మోత మొదలైందంటే రెండు వైపుల నుంచీ దెబ్బే. ఎక్కిన ప్యాసింజర్ చిరాకు పడతాడు, రేటింగ్ తగ్గుతుంది. పోనీ షెడ్డులో పెడదామంటే ఆ పూట బేరాలు పోతాయి. అందుకే సొంత బండి నడుపుకునే డ్రైవర్లు, ఫోన్ చేస్తే ఇంటికొచ్చి రిపేరు చేసే కుర్ర మెకానిక్కులు సైలెన్సర్ పైపు మార్పును పార్కింగులోనే కానిచ్చేద్దామని చూస్తారు. చేయగలిగిన పనే. ఇబ్బందల్లా చోటుతోనే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక పక్క స్తంభం, ఇంకో పక్క ఎవరిదో కారు. కారు అడుగుకీ నేలకీ మధ్య చిన్న కార్లలో 160, 170 మిల్లీమీటర్లకు మించి ఉండదు, అంటే జానెడు కూడా లేదు. అందులో వెల్లకిలా పడుకుని, మొహం మీద తుప్పు రాలుతుంటే, ఏళ్ల తరబడి వేడికి కాలి పట్టేసిన బోల్టు విప్పాలి.

కండబలంతో ఈ పని తెమలదు. చోటు ఎక్కడ దొరుకుతుందో, ఏ ముక్క ముందు తియ్యాలో, ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ ఆగిపోవాలో కారు కింద దూరకముందే తేల్చుకున్నవాడు మధ్యాహ్నం భోజనానికి లేస్తాడు. కింద పడుకున్నాక ఆలోచిద్దామనుకున్నవాడు సాయంత్రానికి బండిని తాడు కట్టి లాగించుకెళ్లే పరిస్థితి తెచ్చుకుంటాడు.

మొదట ఏ ముక్క పోయిందో చూడండి. షాపుకెళ్లి సైలెన్సర్ ఇవ్వమంటే ఏది కావాలని అడుగుతారు. ఇంజిన్‌కి ఆనుకుని మానిఫోల్డ్, ఆ తర్వాత క్యాటలిటిక్ కన్వర్టర్, దానికి ముందో వెనకో స్టీలు జాలీ అల్లికతో వంగే ఫ్లెక్సిబుల్ పైపు, అక్కణ్నుంచి కారు నడుము కిందుగా పొడుగు పైపు, చివర బంపర్ కింద డబ్బా. కొన్ని కార్లలో పొడుగు పైపూ డబ్బా కలిసి ఒకటే ముక్కగా ఉంటాయి, కొన్నిట్లో మధ్యలో ఫ్లాంజీ ఉండి విడివిడిగా వస్తాయి. ఫోన్‌ను కారు కిందకి పెట్టి ముందు నుంచి వెనక్కి వరసగా ఫొటోలు తీసుకోండి. బండి పేరుతో పాటు తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా సీఎన్జీయా అన్నది కూడా షాపులో చెప్పాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ 6 వచ్చింది. ఒకే పేరున్న కారైనా అంతకుముందు బండికీ ఆ తర్వాత బండికీ పైపు ఒకటే అనుకోవద్దు.

చెవి కూడా చాలా చెబుతుంది. తెల్లారి చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని కొట్టుకుంటూ, వేడెక్కాక తగ్గిపోతే అది మానిఫోల్డ్ గ్యాస్కెట్. వేడికి లోహం వ్యాకోచించి సందు తాత్కాలికంగా మూసుకుంటుంది, అంతే. డబ్బాని గుప్పిటతో తట్టితే లోపల గలగలమంటే దానిలోని అరల రేకులు ఊడాయని లెక్క. చల్లారిన పైపుని స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా పొడిచి చూడండి. మంచి పైపు ఖంగుమంటుంది, పోయిన చోట మొన లోపలికి దిగిపోతుంది. జాయింట్ల దగ్గర పొగ మసి మరకలుంటే లీకు అక్కడే.

ఈ పైపుల్ని తుప్పు ఎక్కువగా లోపలి నుంచే తింటుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. సీఎన్జీ అయితే ఒక కిలో గ్యాసుకి రెండు కిలోలకు పైనే. బండి దూరం వెళ్తే పైపు బాగా కాగి ఆ ఆవిరంతా బయటికి పోతుంది. కాలనీ నుంచి కూరగాయల మార్కెట్‌కి, మార్కెట్ నుంచి కాలనీకి తిరిగే బండిలో డబ్బా కాగేలోపే ఇంజిన్ ఆపేస్తాం, నీరు అడుగున నిలిచిపోతుంది. డబ్బా అడుగున చీమ దూరేంత రంధ్రం ఒకటి కనిపిస్తే అది ఆ నీరు కారడానికి కంపెనీ పెట్టిందే. చిల్లు పడిందనుకుని ఎంసీల్‌తో మూసేసేవాళ్లున్నారు. అలా చేస్తే డబ్బా ఆయుష్షు తగ్గించినట్టే. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు ఉప్పు గాలి బయట నుంచి కూడా తింటుంది కాబట్టి బోల్టులు ఇంకా గట్టిగా పట్టేస్తాయి. అక్కడ పనికి కొంచెం ఎక్కువ టైము పెట్టుకోండి.

ఇంటి దగ్గర ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. మానిఫోల్డ్ స్టడ్లు అలాంటివే. అవి ఇంజిన్ హెడ్డులో తెగితే పైపు పని కాస్తా ఇంజిన్ పని అవుతుంది. బీఎస్ 6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు, దానికి సన్నటి ట్యూబులు, ప్రెజర్ సెన్సర్, వేడి కొలిచే సెన్సర్లు ఉంటాయి. వాటిని స్కానర్ లేకుండా కదిలించొద్దు. ఫ్లెక్సిబుల్ పైపు ఒక్కటే పోయి చుట్టుపక్కల అంతా బాగుంటే దాన్ని కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. అది ఆటోనగర్ పని. విజయవాడలో గానీ గాజువాకలో గానీ లిఫ్టు మీదో గోతి మీదో బండి పెట్టి చేసే వెల్డర్ చేతికి వదిలేయడం మేలు. కన్వర్టర్‌కి వెనకున్న పొడుగు పైపు, డబ్బా, రబ్బరు హ్యాంగర్లు, గ్యాస్కెట్లు మాత్రం ఇంటి దగ్గర ధైర్యంగా మార్చుకోవచ్చు.

ఇక చోటు సంగతి. సెల్లార్ ర్యాంపు మీద ఎంత కొంచెం వాలైనా బండి ఎత్తకూడదు. పార్కింగు టైల్స్ మీద జాకీ పెడితే టైలు పగిలి జాకీ ఒరుగుతుంది. అరంగుళం మందం ప్లైవుడ్ చెక్క, అడుగు పొడవు అడుగు వెడల్పుది, జాకీ కింద ఒకటి, ప్రతి స్టాండు కింద ఒకటి వెయ్యండి. రెండు స్తంభాల మధ్య ఇరుక్కున్న చోట పని మొదలుపెట్టకండి. పని దినాల్లో పొద్దున పది దాటితే సెల్లార్ సగం ఖాళీ అవుతుంది. వాచ్‌మన్‌తో ముందు రోజే మాట్లాడుకుంటే పక్క స్లాటు వాళ్లు ఎప్పుడు వెళ్తారో, ఎప్పుడొస్తారో చెబుతాడు. అప్పుడు బండిని మీ స్లాటులో మధ్యకి కాకుండా ఒక వైపు గోడకి చేర్చి పెట్టండి. రెండు పక్కలా అడుగున్నర చొప్పున ఉంటే దేనికీ చాలదు. ఒకే పక్క మూడడుగులుంటే మనిషి పడుకుని కాళ్లు చాపుకోవచ్చు, పొడుగు పానా కూడా తిప్పొచ్చు. వెనక వైపు మాత్రం పైపు పొడవు కంటే ఎక్కువ జాగా ఉండాలి, పాత పైపు లాగాల్సింది అటే.

సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి పరీక్ష చేయొద్దు, ఒక్క నిమిషం కూడా. లీకున్న పైపు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తుగా ఉండటం, వాంతి వచ్చేట్టు అనిపించడం మొదలయ్యేసరికి కారు కింద నుంచి లేచి రావాలన్న ఆలోచనే రాకపోవచ్చు. స్టార్ట్ చేసి చూడాలంటే బండిని ఆరుబయటికి తొయ్యాల్సిందే. మరో మనిషి తోడు లేకుండా కూడా ఈ పనికి దిగొద్దు. ఆ మనిషికి మెకానిక్ పని రాకపోయినా ఫర్వాలేదు, పిలిస్తే వినపడే దూరంలో ఉంటే చాలు. పని మొదలుపెట్టేముందు బండి కనీసం రెండు మూడు గంటలు ఆగి ఉండాలి. నడిచేటప్పుడు కన్వర్టర్ లోపల కొన్ని వందల డిగ్రీల వేడి ఉంటుంది. బయటి పైపు చల్లబడినా అది ఇంకా కాలుతూనే ఉంటుంది.

బండి ఎత్తడం దగ్గర నెమ్మదించాలి, ఎందుకంటే ఈ పనిలో ప్రాణం పోయే అవకాశం ఇక్కడే ఎక్కువ. డిక్కీలో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి ఇచ్చింది. దాని మీద ఆనిన కారు కింద తల పెట్టొద్దు. ఎత్తడానికి హైడ్రాలిక్ జాకీ, ఆనించడానికి జాకీ స్టాండ్ల జత, ఈ రెండూ ఉంటేనే పనికి దిగండి. సిమెంటు ఇటుకలు, హాలో బ్రిక్స్ ఎంత గట్టిగా కనిపించినా బరువు ఒక మూల పడితే చెప్పకుండా పెట్లిపోతాయి. స్టాండ్ల మీద బండి దించాక వెనక చక్రాలు విప్పి బాడీ అంచు కింద పడుకోబెట్టండి. స్టాండు జారినా బండి చక్రం మీద ఆగుతుంది, మనిషి మీద పడదు.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. మన రోడ్ల మీది చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి, హ్యాండ్ బ్రేకు పట్టేదేమో వెనక చక్రాల్ని. సైలెన్సర్ కోసం వెనక భాగం ఎత్తుతాం. ఎత్తగానే హ్యాండ్ బ్రేకు పట్టిన చక్రాలు గాల్లో ఉంటాయి, నేల మీదున్న ముందు చక్రాలకి బ్రేకే లేదు. హ్యాండ్ బ్రేకు లాగాం కదా అని ధీమాగా ఉంటే బండి ముందుకి దొర్లి స్టాండ్ల మీంచి జారిపోతుంది. అందుకని మొదటి గేరులో వేసి ఉంచాలి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. రెండు ముందు చక్రాలకీ ముందొకటి వెనకొకటి చెక్క దిమ్మలు బిగించి పెట్టాలి. అది చేశాకే జాకీ పిడి పట్టుకోండి.

స్టాండ్లు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఈ పనికి కీలకం. అలవాటు కొద్దీ వెనక యాక్సిల్ కింద పెట్టేస్తుంటారు. బ్రేకుల పనికి అది సరిపోతుంది. సైలెన్సర్ పైపు యాక్సిల్ మీదుగా ఎక్కి దిగుతుంది కాబట్టి, యాక్సిల్‌కీ బాడీకీ మధ్య ఎంత సందు దొరికితే పైపు అంత తేలిగ్గా జారుతుంది. స్టాండ్లు బాడీ అంచున కంపెనీ గుర్తు పెట్టిన చోట పెడితే యాక్సిల్ తన బరువుకి కిందికి వేలాడుతుంది, సందు దానంతటదే తెరుచుకుంటుంది. యాక్సిల్ కింద పెడితే ఆ సందు మూసుకునే ఉంటుంది, ఎంత ఎత్తు లేపినా పైపు రాదు. ఇరుకు పార్కింగులో ఖర్చు లేకుండా దొరికే చోటు ఇదొక్కటే. ఎత్తు చాలిందో లేదో తెలుసుకోవడానికి బండి పక్కన పడుకుని మోచేయి నేలకి ఆనించి పిడికిలి నిటారుగా పెట్టండి. బాడీ అంచు పిడికిలికి పైనుంటే పానా తిప్పడానికి చెయ్యి ఆడుతుంది.

కింద దూరేముందు బండిని పక్క నుంచి రెండు చేతులతో గట్టిగా ఊపండి. కదిలితే ఇప్పుడే కదలాలి. కళ్లద్దాలు పెట్టుకోకుండా మాత్రం దూరొద్దు, మామూలు కళ్లజోడు చాలదు, పక్కలు మూసి ఉండే గాగుల్స్ కావాలి. మొదటి బోల్టు కదిలించగానే తుప్పు పొట్టు సరిగ్గా కంట్లోకే రాలుతుంది.

బోల్టుల పని ముందు రోజు రాత్రే మొదలవ్వాలి. మరల మీది తుప్పుని వైరు బ్రష్‌తో రుద్ది, పెనిట్రేటింగ్ స్ప్రే కొట్టి వదిలేయండి. పడుకునేముందు ఒకసారి, తెల్లారి మరోసారి. పైపు చల్లగా ఉన్నప్పుడే కొట్టాలి, కాగుతున్న పైపు మీద పడితే మంటే. తెల్లారి ఆరు మూలలున్న సాకెట్‌తో పట్టండి. పన్నెండు మూలల సాకెట్ తుప్పు తిన్న నట్టుని గుండ్రంగా కొరికేస్తుంది, ఆ తర్వాత ఏ పానా కూడా పట్టదు. మన చిన్న కార్లలో ఈ బోల్టులు తరచూ 12, 14 మిల్లీమీటర్ల తలలతో ఉంటాయి. చేతికి ఆ పక్క సైజులు కూడా అందేట్టు పెట్టుకోండి.

ఇరుకులో పానా ఎంత దూరం తిప్పగలమన్నదే అసలు లెక్క. మామూలు ఫిక్స్ పానా మళ్లీ పట్టుకోవాలంటే 60 డిగ్రీలు తిరగాలి, తిరగేసి పట్టుకుంటే 30. పైపుకీ ఫ్లోరుకీ మధ్య అంత చోటుండదు. 72 పళ్ల రాట్చెట్ అయితే 5 డిగ్రీలు కదిలితే చాలు, ఒక పన్ను ముందుకి పడుతుంది. దాంతోపాటు ఒక పొట్టి, ఒక పొడుగు ఎక్స్‌టెన్షన్ రాడ్లు ఉంటే బోల్టు లోపలెక్కడో ఉన్నా పిడి మాత్రం బయట చెయ్యాడే చోట ఉంటుంది. వంగే జాయింటుతో పట్టిన బోల్టుని వదిలించాలని చూడకండి, అది బలాన్ని తినేస్తుంది. బోల్టు కదిలాక ఊడబెరకడానికి వాడుకోండి. డబ్బులు పెట్టి కొనాల్సిన పనిముట్టు ఒక్కటే అని ఎవరైనా అడిగితే స్టాండ్ల తర్వాత ఆ రాట్చెట్ పేరే చెబుతాను.

వెల్లకిలా పడుకున్నప్పుడు ఎటు తిప్పితే వదులవుతుందో గందరగోళమవుతుంది. నట్టుకి ఎదురుగా మొహం పెట్టినట్టు ఊహించుకుని ఎడమకి తిప్పండి. మొదట వదులు చేసే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి కదిలించండి, తుప్పు పొర చిట్లుతుంది. తర్వాత పావు చుట్టు వదులు చేసి మళ్లీ కాస్త వెనక్కి బిగించండి. కీచుమని అరిస్తే ఆగి, స్ప్రే కొట్టి, ఐదు నిమిషాలు వదిలి మళ్లీ మొదలుపెట్టండి. చేతికి బోల్టు మెత్తగా, జీళ్లపాకంలా సాగుతున్నట్టు అనిపించిందంటే అది వదులవ్వడం లేదు, తెగబోతోంది.

తెగితే ఏమవుతుందో ముందే చూసుకోవాలి. ఫ్లాంజీలోంచి దూరి అటు పక్క నట్టు బిగించిన బోల్టు అయితే తెగడమే మంచిది, కొత్త బోల్టు వేసేస్తారు. అందుకే కొత్త బోల్టులు, నట్లు, స్ప్రింగులు ముందే కొని జేబులో పెట్టుకోండి. అప్పుడు పాతదాన్ని కొయ్యడానికి చెయ్యి వెనకాడదు. హాక్సా ఫ్రేము పట్టని చోట బ్లేడు ఒక చివరకి గుడ్డ చుట్టి చేత్తోనే కొయ్యొచ్చు. అదే కన్వర్టర్ ఫ్లాంజీలో నాటుకున్న స్టడ్డు అయితే తొందరపడొద్దు. అది తెగితే డ్రిల్లు పెట్టాలి, ఆ సందులో డ్రిల్లు నిలబడదు. రెండు సార్లు నానబెట్టినా అది కదలకపోతే పాత పైపునే మళ్లీ బిగించి, బండి దించి, షెడ్డుకి తోలుకెళ్లడం చేతకానితనం కాదు.

గ్రైండర్ సంగతి గట్టిగా చెప్పాలి. చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కింద, యాక్సిల్‌కి కాస్త ముందు ఉంటుంది. పొగ పైపు పోయేది దాని పక్క నుంచే. సీఎన్జీ బండి అయితే డిక్కీలో సిలిండర్, దాన్నుంచి అడుగు భాగం మీదుగా ఇంజిన్ దాకా సన్నటి స్టీలు గొట్టం, అందులో నిండినప్పుడు 200 బార్ ఒత్తిడి. అక్కడ నిప్పురవ్వలు రేపే ఏ పనీ చెయ్యకూడదు. ఇంటి దగ్గర బ్లోలాంప్ వద్దు, వెల్డింగ్ వద్దు, ట్యాంకు పక్క గ్రైండర్ వద్దు. చేతి హాక్సాతో పది నిమిషాలు ఎక్కువ పట్టినా పట్టనివ్వండి. సీఎన్జీ బండైతే పని మొదలుపెట్టేముందు సిలిండర్ దగ్గరి వాల్వు కూడా కట్టేయండి.

పాత పైపు తీసేటప్పుడు ముందు ఫ్లాంజీ విప్పి, వెనక డబ్బా కింద చెక్క దిమ్మలు ఎత్తుగా పేర్చి, ఆఖర్న రబ్బరు హ్యాంగర్లు ఊడదీయాలి. ఈ వరస తలకిందులైతే ఆ బరువంతా చాతీ మీదో, సెన్సర్ వైరు మీదో పడుతుంది. రబ్బర్లకి సబ్బు నీళ్లు పూస్తే జారతాయి. ఆయిలు, గ్రీజు రాయొద్దు, రబ్బరు ఉబ్బి సాగుతుంది. పాత రబ్బర్లని మళ్లీ వాడాలన్న ఆలోచన మానుకోండి. అవి ఖరీదైనవి కావు, ఒకటి తెగితే కొత్త పైపు బరువంతా ముందు ఫ్లాంజీ మీద వేలాడుతుంది.

పైపు ఎలాగూ తుక్కుకే కాబట్టి మొత్తంగా లాగాలని ప్రాణాలమీదికి తెచ్చుకోవద్దు. యాక్సిల్ వంపుకి కాస్త ముందు చేతి హాక్సాతో రెండు ముక్కలు చేస్తే ముందు ముక్క పక్క నుంచి, వెనక ముక్క డబ్బాతో సహా వెనక నుంచి వచ్చేస్తాయి. కొయ్యబోయే చోట బ్రేకు పైపు, హ్యాండ్ బ్రేకు కేబుల్ ఎక్కడ ఉన్నాయో వేలితో తడిమి చూసి, మధ్యలో ఒక రేకు ముక్క అడ్డం పెట్టండి. కొత్తదాన్ని మాత్రం కొయ్యలేం, అందుకే అసలు ఇరుకంతా దానితోనే. వెనక నుంచి ముందుకి, డబ్బాని పక్కకి ఒరగేసి, పైపు మొనని యాక్సిల్ మీదుగా ఎక్కించి, తర్వాత నెమ్మదిగా తిప్పుతూ లోపలికి తోయాలి. సూటిగా తోస్తే వంపు యాక్సిల్‌కి తగులుకుంటుంది. ఒకరు వెనక డబ్బా పట్టుకుని తిప్పుతుంటే ఇంకొకరు పక్క నుంచి మొనని దారిలో పెట్టాలి. అప్పటికీ రాకపోతే ఒక పక్క షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తీస్తే యాక్సిల్ ఇంకొంచెం దిగుతుంది. అది తీసేముందు యాక్సిల్ కింద జాకీ ఆనించి ఉంచండి, లేకపోతే ఒక్కసారిగా కిందికి పడి బ్రేకు హోసు లాగుకుపోతుంది. మీ బండికి రెండు ముక్కల పైపు, మధ్యలో క్లాంపుతో దొరుకుతుంటే ఇరుకు పార్కింగులో పనిచేసేవాళ్లు అదే కొనండి.

బిగించడంలో తొందరొద్దు. ఫ్లాంజీల పాత గ్యాస్కెట్ ముక్కలన్నీ గీకి కొత్తది వెయ్యండి. పాత గ్యాస్కెట్ బాగానే కనిపించినా ఒకసారి నలిగింది మళ్లీ పట్టదు. బోల్టు మరలకి కాపర్ గ్రీజు పూయండి, ఈసారి విప్పేవాడికి మేలు చేసినవాళ్లవుతారు. ముందు అన్ని బోల్టులూ, రబ్బర్లూ వేలితో తగిలించి వదిలేయాలి. పైపు తన చోటు తను చూసుకున్నాక ముందు ఫ్లాంజీ నుంచి వెనక్కి ఒక్కోటీ బిగిస్తూ రావాలి. స్ప్రింగు బోల్టులైతే మెడ ఆనేదాకా బిగించి ఆపండి. ఆ స్ప్రింగు ఇంజిన్ ఊపుకి పైపు ఆడటానికి పెట్టింది. దాన్ని పూర్తిగా నలిపేసేట్టు వాషర్లు అదనంగా వేస్తే కొద్ది రోజుల్లో పైపు పగులుతుంది. పూర్తయ్యాక పైపు చుట్టూ అన్ని వైపులా వేలు దూరేంత సందుందా చూడండి. బ్రేకు పైపుకి, ట్యాంకుకి, స్టెప్నీ గుంతకి తగలకూడదు. బండి ఇంకా స్టాండ్ల మీద ఉందని మర్చిపోవద్దు. యాక్సిల్ వేలాడుతున్నప్పుడున్న సందు చక్రాలు నేలకి ఆనాక తగ్గిపోతుంది. అందుకే బండి దించాక ఫోన్ టార్చితో ఇంకోసారి చూడాలి.

లీకు పరీక్షకి ఇంజినే అక్కర్లేదు. కారు దులపడానికి వాడే గాలి బ్లోయర్‌ని వెనక గొట్టానికి పెట్టి, సందు గుడ్డతో కప్పి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగలొస్తే ఇంకా బిగించాలి. తర్వాత బండి ఆరుబయటికి తోసి స్టార్ట్ చేయండి. మొదటి పది పదిహేను నిమిషాలు కొత్త పైపు నుంచి కాస్త పొగ, వాసన వస్తాయి. తుప్పు పట్టకుండా తయారీలో పూసిన నూనె, మన చేతి జిడ్డు కాలుతున్న వాసనే అది. దానికి కంగారు పడొద్దు. మోత తగ్గినా మైలేజీ రాకపోతే ముందు జాయింటుని మళ్లీ చూడండి. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు లీకుంటే బయటి గాలి లోపలికి చేరి సెన్సర్‌ని తప్పుదోవ పట్టిస్తుంది. పెట్రోలు తక్కువైందనుకుని ఇంజిన్ ఎక్కువ తాగుతుంది.

ఇంటింటికీ తిరిగి చేసే తమ్ముళ్లకు ఇంకో నాలుగు మాటలు. ఫోన్లోనే రేటు చెప్పేయకండి. మోడల్, సంవత్సరం, ఇంధనం, పార్కింగు నేల ఎలా ఉంది, ఈ నాలుగూ అడిగి కారు అడుగు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. వెళ్లాక పని మొదలెట్టే ముందే యజమానికి విడమర్చి చెప్పాలి: "అన్నా, వెనక రెండు బోల్టులు తెగొచ్చు, వాటికి కొత్తవి తెచ్చాను. ముందు స్టడ్డు కదలకపోతే మాత్రం బలవంతం చేయను, బండి షెడ్డుకి పోవాల్సిందే. అప్పుడు నా రాకపోకల చార్జీ ఒక్కటే తీసుకుంటాను." ఆ మాటే వాట్సాప్‌లో కూడా పెట్టేయండి. తర్వాత గొడవుండదు. నేల వాలుగా ఉంటే, తోడు మనిషి లేకపోతే, చీకటి పడితే పని ఒప్పుకోవద్దు. ఆ ఒక్క బేరం పోయినా ఫర్వాలేదు.

"కన్వర్టర్ తీసేసి స్ట్రెయిట్ పైపు వెయ్యి, పికప్ పెరుగుతుంది" అని అడిగే యజమానులుంటారు. ఒప్పుకోకండి. అందులోని తేనెపట్టు గళ్ల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. విషవాయువుల్ని అడ్డుకునేది ఆ పూతే. అది లేకపోతే బండి పొల్యూషన్ పరీక్షలో నిలబడదు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద గాలి, శబ్ద కాలుష్య ప్రమాణాలు మీరి బండి నడిపితే మొదటిసారే 3 నెలల వరకు జైలు గానీ 10,000 రూపాయల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు, 3 నెలలు లైసెన్సు కూడా పోతుంది. క్యాబ్ డ్రైవర్‌కి ఆ మూడు నెలలంటే కుటుంబం గడవడమే ఆగిపోతుంది. ఆ లోహాల విలువ వల్లే పాత కన్వర్టర్లకి తుక్కు బజారులో మంచి గిరాకీ ఉంది. మీరు విప్పిన ప్రతి పాత ముక్కనీ యజమానికి చూపించి, ఆయన వద్దంటేనే తీసుకెళ్లండి.

వారం పది రోజులకో, ఒకటి రెండు వందల కిలోమీటర్లు తిరిగాకో ఆ బోల్టుల్ని చల్లటి పైపు మీద ఇంకోసారి బిగించాలి. కొత్త గ్యాస్కెట్ వేడికి నలిగి కూర్చుంటుంది, మొదటి రోజు బిగువు అప్పటికి ఉండదు. సొంత బండైతే క్యాలెండర్‌లో తేదీ రాసుకోండి. బయటివాళ్ల బండైతే ఆ రెండో రాకకయ్యే పెట్రోలు, పావుగంట పని కూడా మొదట చెప్పే రేటులోనే కలిపి చెప్పండి.